గవ్వంత సముద్రం... అద్దమంత ఆకాశం

గూడూరు అనగానే అందరికీ దక్షిణాన ఉన్న రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. ఆ గూడూరుకు సముద్రం దగ్గర. శ్రీహరికోట కూడా ఎక్కువ దూరం కాదు కనుక రాకెట్లూ దగ్గరే. నేనుండేది ఆ గూడూరులో కాదండీ, మహబూబాబాద్ జిల్లా గూడూరులో. 2016 అక్టోబరు దాకా మాది వరంగల్ జిల్లా. మాకు సముద్రమూ దూరమే, రాకెట్లూ దూరమే. దగ్గరున్నవల్లా అడవి, తండాలు, పత్తి చేలు, మిరప కల్లాలు, వానాకాలంలో దూకే భీముని పాదం జలపాతం.

ఇలాంటి ఊళ్లో కూర్చుని నేను సముద్రాన్నీ ఆకాశాన్నీ కలిపి ఒక బొమ్మ చేశాను. 'వేశాను' అనకుండా 'చేశాను' అంటున్నానేమిటా అనుకుంటున్నారా? అందులో రంగు ఎంతుందో ఇసుక, గోనెగుడ్డ, నలిపిన కాగితం, దారం, గవ్వలు, అద్దాలు కూడా అంతే ఉన్నాయి మరి! ఇలా రకరకాల వస్తువులు కలిపి చేసే బొమ్మను 'మిక్స్‌డ్ మీడియా' అంటారు. ఫలానా మనిషి, ఫలానా చెట్టు అని గుర్తుపట్టే రూపం లేకుండా రంగులు, గీతలు, గరుకుదనంతోనే మనసులోది చెప్పేదాన్ని 'అబ్‌స్ట్రాక్ట్' అంటారు. నైరూప్య చిత్రం అని తెలుగు మాట. మాట పెద్దదే గానీ పని మనకు కొత్తదేం కాదు. అదెలాగో, ఈ బొమ్మ చేస్తూ నాకు తెలిసొచ్చిన సంగతులేమిటో నలుగురితో పంచుకుందామని ఇలా రాస్తున్నాను.

గిదేం బొమ్మ?

బొమ్మ సగంలో ఉండగా పక్కింటామె వచ్చి చూసింది. కాసేపు తల అటు వంచి, ఇటు వంచి, "గిదేం బొమ్మ టీచరమ్మా? మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు సుత లేడు" అంది. నేను నవ్వి, "పొద్దుగాల నువ్వు వాకిట్ల ఏసిన ముగ్గుల ఎవరున్నరు వదినా?" అన్నాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "ముగ్గుల ఎవరుంటరు? చుక్కలుంటయి, గీతలుంటయి" అంది. నేను చెప్పాలనుకున్నదీ అదే!

ఆలోచించి చూడండి. తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, చుక్కలు పెట్టి వాటి చుట్టూ గీత తిప్పుతాం. పదిహేను చుక్కలు, ఎదురు చుక్క, సరి చుక్క అని లెక్క. ఆ గీతకు మనిషి రూపం లేదు, జంతువు రూపం లేదు. అయినా చూసినవాళ్లకు ముచ్చటేస్తుంది. దాన్ని ఎవరూ 'ఏం బొమ్మ?' అని అడగరు. నైరూప్య చిత్రకళ అంటూ ఎక్కడో పుస్తకాల్లో చెప్పేది మన వాకిట్లో రోజూ జరిగేదే.

ఇంకో చిత్రం చూడండి. నేలమీద పెట్టేదీ చుక్కే, ఆకాశంలో మెరిసేదీ చుక్కే. మన భాషలో రెంటికీ ఒకటే మాట. తెల్లారగట్ల కనిపించేది వేగుచుక్క, అప్పుడప్పుడూ వచ్చిపోయేది తోకచుక్క. మూడు చుక్కలు వరుసగా ఉంటే గొల్లకావిడి, గుంపుగా ఉంటే పిల్లలకోడి. మా నాయనమ్మకు చదువు రాదు గానీ గొల్లకావిడి ఎక్కడికొచ్చిందో చూసి రాత్రి ఎంతయిందో చెప్పేది.

'పాలవెల్లి' సంగతి మరీ బాగుంటుంది. వినాయక చవితికి చాలా ఇళ్లలో దేవుడి పైన చెక్క చట్రం ఒకటి కట్టి, పళ్లూ పూలూ వేలాడదీస్తారు కదా, అదే పాలవెల్లి. అది ఆకాశానికి గుర్తు అంటారు. నిఘంటువు తీస్తే పాలవెల్లి అంటే పాలసముద్రం. వెల్లి అంటే ప్రవాహం. ఆకాశంలో తెల్లటి చారలా కనిపించే నక్షత్రాల గుంపును మనం పాలపుంత అంటాం. అంటే సముద్రాన్నీ ఆకాశాన్నీ ఒక్క మాటలో ముడేసినవాళ్లు మన పెద్దలే! నా బొమ్మకు పేరు వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది. 'పాలవెల్లి' అనే పెట్టాను.

మన కాళ్ల కింద సముద్రం

"సముద్రం లేని ఊళ్లో సముద్రం బొమ్మేంటి?" అని ఇంట్లోవాళ్లూ ఆటపట్టించారు. నేనూ ఊరుకోలేదు. మాకు పక్కనే ఉన్నది కేసముద్రం. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో స్టేషను. పేరులోనే సముద్రం ఉంది. ఈ ప్రాంతమంతా కాకతీయులు ఏలిన నేల. వాళ్ల కాలంలో తవ్వించిన పెద్ద చెరువుల్లో చాలావాటికి సముద్రమనే పేరు పెట్టేవారు.

మా జిల్లాలోనే బయ్యారం చెరువు ఉంది. దాన్ని కట్టించింది ఎవరో తెలుసా? గణపతిదేవ చక్రవర్తి చెల్లెలు మైలమ. 13వ శతాబ్దపు మాట. ఆ చెరువు దగ్గర ఆమె వేయించిన శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉండబట్టే చరిత్రకారులకు ఎన్నో సంగతులు తెలిశాయి. ఆ చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. ధర్మకీర్తి అనేది ఆమె బిరుదు. ఒక ఆడమనిషి సముద్రం చేసి, దానికి తన పేరు పెట్టుకున్నదన్నమాట! ఈ 'పేరు' సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానికే వస్తాను.

అంతకంటే వెనక్కి వెళితే ఇంకా వింత. మా దగ్గర్లోని పాకాల చెరువు అందరికీ తెలుసు. ఆ పేరుతోనే భూగర్భ శాస్త్రంలో ఒక శిలల వరుస ఉంది. పాకాల శిలలంటారు. సున్నపురాయి, డోలమైటు, పలకరాయి లాంటివి అందులో ఉన్నాయి. ఇవి లోతు తక్కువ సముద్రంలో పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డ రాళ్లు. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఖమ్మం జిల్లా మాదారం గనుల నుంచి విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్లిన డోలమైటు ఈ రకం రాయే. అంటే ఈ చుట్టుపక్కల ఒకప్పుడు నిజంగానే సముద్రం ఉండేది. బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పిన రోజు ఒక పిల్లవాడు గబుక్కున కిందికి చూసుకున్నాడు, కాళ్లు తడిశాయేమోనన్నట్టు.

గవ్వలో ఉండేది కాల్షియం. సున్నపురాయిలో ఉండేదీ, మన ఎముకల్లో ఉండేదీ అదే. ఆ కాల్షియం పుట్టింది ఎప్పుడో అంతరించిన నక్షత్రాల కడుపులో అని సైన్సు చెబుతోంది. సముద్రంలో ఆటుపోట్లకు ముఖ్య కారణం చంద్రుడి ఆకర్షణ. కనుక సముద్రాన్ని గీస్తే ఆకాశం రాకుండా ఉండదు. ప్రపంచంలో చాలామంది చిత్రకారులు ఈ రెంటినీ కలిపి చూసింది ఊరికే కాదు.

నీలానికి సముద్రం పేరు

బొమ్మకు కావలసింది ముందు నీలం. రంగుల షాపులో 'అల్ట్రామరీన్' అని దొరుకుతుంది. ఆ మాటకు అర్థం 'సముద్రానికి అవతలిది' అని. పూర్వం యూరపు చిత్రకారులు ఈ రంగును లాపిస్ లజులి అనే నీలిరాయిని నూరి తీసేవారు. ఆ రాయి అఫ్గానిస్తాన్ కొండల్లోంచి సముద్రం దాటి వచ్చేది. బంగారంతో సమానంగా ఖరీదు. 1820ల్లో ఫ్రాన్సులో దాన్ని కృత్రిమంగా చేసే పద్ధతి కనిపెట్టాక చవక అయింది. ఎంత చవకంటే, తెల్లబట్టలకు పెట్టడానికి మన అమ్మలు వాడిన నీలం పొడి సాధారణంగా ఆ రంగే! నేను దాన్నే తెల్ల జిగురులో కలిపి అడుగు పూతగా వాడాను.

జపాను చిత్రకారుడు హొకుసాయి 1831 ప్రాంతంలో చేసిన పెద్ద అల బొమ్మ మీరు క్యాలెండర్ల మీదో సంచుల మీదో చూసే ఉంటారు. అందులో నీలం ప్రష్యన్ బ్లూ. అదీ యూరపు నుంచి ఓడల్లో వచ్చిందే. సముద్రం బొమ్మకు రంగు కూడా సముద్రం మీదే వచ్చింది చూడండి.

తెలుపు మాటకొస్తే మన చేర్యాల నకాషీ వాళ్లను తలచుకోవాలి. ఖద్దరు బట్టకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల పిండి, చెట్టు జిగురు కలిపి పూతలు పూసి, ఆరాక దానిమీద కథలు గీసేవారు. నలుపు దీపపు మసి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి. తెలుపు మాత్రం సముద్రపు గవ్వలు, శంఖాలు నూరి తీసేవారు. జనగామ దగ్గరి ఊళ్లో దేవుళ్ల కళ్లలోని తెలుపు సముద్రం నుంచి వచ్చింది. మిక్స్‌డ్ మీడియా అని పేరు పెట్టలేదు గానీ, గుడ్డ, మట్టి, గింజ, జిగురు, గవ్వ కలిపిన పని మరేమిటి?

ఎద్దుల మీద వచ్చిన సముద్రం

రంగులు కుదిరాయి. అలల కోసం గోనెగుడ్డా, నలిపిన కాగితమూ కుదిరాయి. కానీ చుక్కలు కుదరలేదు. తెల్లరంగు చల్లితే వెల్లవేసినప్పుడు పడ్డ చినుకుల్లా ఉన్నాయి. మెరుపు రాలేదు. అప్పుడు మా బడి పిల్లల్లో తండా నుంచి వచ్చే అమ్మాయి, "మా యాడి దగ్గర అద్దాలున్నయి టీచర్" అంది. వాళ్ల నాయనమ్మను అందరూ యాడి అనే పిలుస్తారు. లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ.

ఆదివారం పూట వెళ్లాను. డెబ్భై దాటిన మనిషి. పేటియా, కాంచళి, టుక్రి ఇప్పటికీ కట్టుకునే కొద్దిమందిలో ఒకరు. కోడలు చీర కడుతుంది, మనవరాలు పంజాబీ డ్రెస్సు వేస్తుంది. నేను వచ్చిన పని చెప్పేసరికి యాడి లోపలికెళ్లి ఇనుప పెట్టెలోంచి ఒక పేటియా తెచ్చి మంచం మీద పరిచింది. ఎర్రటి గుడ్డ. అంచు నిండా అద్దాలు, ఒక్కో అద్దం చుట్టూ దారంతో కట్టిన గట్టు. మధ్యలో వరుసగా గవ్వలు. కిటికీలోంచి పడ్డ ఎండకు అద్దాల మెరుపు వెళ్లి ఇంటి కప్పు మీద చుక్కలు చుక్కలుగా పరుచుకుంది. నేను ఆరు వారాలుగా వెతుకుతున్న ఆకాశం అక్కడుంది!

"మా యాడి కుట్టింది ఇది" అంది ఆమె. "ఇంకోటి ఉండె. స్కూటరు మీద వచ్చినోడు స్టీలు గిన్నె ఇచ్చి తీస్కపోయిండు. దాన్ని ముక్కలు కోసి పట్నంల దిండ్లకు కుడ్తరంట. నాకు ఎరుకైతే ఇయ్యకపోదు."

అందుకే ఆ పేటియా జోలికి పోకుండా ఒకటే అడిగాను. "యాడీ, కొత్తగా కుట్టిస్తవా? నువ్వు కుట్టిన గుడ్డ నా బొమ్మల పెడత. నీ పేరు రాస్త."

ఆమె బొమ్మ ఎంతో, ఎన్ని గవ్వలో అడగలేదు. ముందు కూలి అడిగింది. "మిరప ఏరితే ఇచ్చే కూలి కన్న తక్కువైతే కుట్ట. కండ్లు గుంజుతయి." న్యాయమైన మాట. కూలికి ఎక్కువే ఇస్తానని, ఇన్ని రోజులని ముందే మాట్లాడుకున్నాం. మనవరాలు నోటుబుక్కులో రాసింది.

ఇక్కడ గవ్వల కథ కొంచెం చెప్పాలి. గవ్వలు బతికేది వెచ్చటి సముద్రాల్లో. మాల్దీవుల నుంచి ఓడల కొద్దీ మన దేశానికి వచ్చేవి. ఒకప్పుడు అవే చిల్లర డబ్బు. 'చేతిలో చిల్లిగవ్వ లేదు' అనే మాట అందుకే వచ్చింది. ఇక బంజారాలంటే ఎద్దుల బారులు కట్టుకుని ఉప్పూ ధాన్యమూ ఊరూరికీ మోసిన జాతి. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు మెతుకుమెతుకుకూ చేరింది వాళ్ల ఎద్దుల మీదే. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. తండాలు నేలమీద స్థిరపడ్డాయి. కానీ గవ్వలు మాత్రం బట్టల మీద నిలిచిపోయాయి. యాడి సముద్రం చూడలేదు. ఆమె నడుము చుట్టూ మాత్రం ఎప్పుడూ సముద్రం ఉంది.

నేను పెన్సిలుతో గవ్వలు ఇక్కడ, అద్దాలు అక్కడ అని గీసి తీసుకెళ్లాను. ఆమె ఆ కాగితాన్ని తిరగేసి పక్కన పెట్టింది. "గవ్వలు విడివిడిగ పెడితే అవి ఏడుస్తయి" అని వరుస కట్టి, మలుపు తిప్పి కుట్టింది. ఆ మలుపు వల్లే బొమ్మలో అల వచ్చింది. నేను వేసిన అల కాదు అది, ఆమెది.

"సముద్రం గింత నల్లగుంటదా?" అని ఒకసారి అడిగింది. "రాత్రిపూట ఉంటది యాడీ" అన్నాను. "గట్లయితే మన చెరువు లెక్కనే" అంది.

పేరు ఎవరిది?

బొమ్మ పూర్తయ్యాక ఒక పట్నంలో జరిగిన చిన్న ప్రదర్శనకు పంపాను. దరఖాస్తులో 'చిత్రకారుని పేరు' అని ఒకటే గీత ఉంది. నేను రెండు పేర్లు రాశాను. నిర్వాహకులు ఫోను చేసి, "కుట్టిన ఆవిడ పేరు కింద 'సహాయం' అని చిన్నగా వేద్దామండీ" అన్నారు. వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు, అలవాటు అలాంటిది. "గుడ్డ తీసేస్తే మిగిలేది నీలం పూసిన చెక్క. సగం బొమ్మ ఆమెది. రెండు పేర్లూ ఒకే సైజులో వేయండి, లేకపోతే బొమ్మ తిప్పి పంపండి" అన్నాను. రెండు రోజులు ఏ జవాబూ లేదు. మూడో రోజు ఒప్పుకున్నారు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? ముగ్గు వేసినామె పేరు ఎవరికీ తెలియదు. సాయంత్రానికి తొక్కుడు పడి చెరిగిపోతుంది. బతుకమ్మ పేర్చినామె పేరు చెరువులో కలిసిపోతుంది. చెరిగిపోవడమే వాటి అందం అనుకుంటే సరే. కానీ పెట్టెలో దాచిన పేటియాకు కూడా పేరు లేకపోతే, అది స్టీలు గిన్నె ఖరీదుకే పోతుంది. పేరుంటేనే వెల ఉంటుంది. వెల ఉంటేనే మనవరాలు సూది పట్టుకుంటుంది.

పేరు రాయకపోవడం కూడా కొందరి ఎంపిక. నస్రీన్ మొహమ్మదీ అని మన దేశం గర్వించదగ్గ చిత్రకారిణి ఉండేవారు. 1937లో కరాచీలో పుట్టారు. 1972 నుంచి బరోడా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. సన్నటి గీతలతోనే సముద్రపు ఒడ్డునూ ఎడారినీ తలపించే బొమ్మలు గీశారు. చాలా బొమ్మలకు ఆమె పేరు పెట్టలేదు, తేదీ వేయలేదు. జబ్బు చేసి చేతులు మాట వినని రోజుల్లోనూ గీత వణక్కుండా గీశారు. 1990లో చనిపోయారు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖ తలుపులు తెరిచినప్పుడు పెట్టిన మొదటి ప్రదర్శనల్లో ఆమెది ఒకటి. వద్దనుకోవడం వేరు, అసలు ఎవరూ అడగకపోవడం వేరు. యాడిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

వయసు మళ్లింది, ఇప్పుడేం నేర్చుకుంటాం అనేవాళ్లకు ఆల్మా థామస్ సంగతి చెప్పాలి. అమెరికాలో నల్లజాతి స్త్రీ. 1891లో పుట్టారు. వాషింగ్టన్‌లోని ఒక బడిలో 35 ఏళ్లు డ్రాయింగు టీచరు. 1960లో రిటైరయ్యాకే పూర్తిగా బొమ్మల మీద కూర్చున్నారు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాక అంతరిక్షం మీద వరుసగా బొమ్మలు వేశారు. చిన్న చిన్న రంగు ముక్కలు వరుసగా పేర్చినట్టుంటాయి, అచ్చం మన బతుకమ్మ పూల వరసలా. 1972లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆమె ఒక్కరి బొమ్మలతోనే ప్రదర్శన పెట్టారు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. అప్పటికి వయసు 80!

ఇక ఓపిక గురించయితే వియా సెల్మిన్స్. 1938లో లాత్వియాలో పుట్టి, యుద్ధంలో ఇల్లు వదిలి, పదేళ్ల వయసులో అమెరికా చేరారు. 1960ల చివర్లో సముద్రాన్ని ఫొటో తీసి, ఆ ఫొటో చూస్తూ ఒక్క పెన్సిలుతో ఒక్కో అలనూ గీశారు. తర్వాత అదే పెన్సిలుతో నక్షత్రాల ఆకాశం. రెండు బొమ్మల్లోనూ తీరం లేదు, అంచు లేదు. ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పెన్సిలు మనింట్లోనూ ఉంటుంది కదా!

మీరూ చేయొచ్చు

ఖర్చుకు భయపడకండి. చాలావరకు ఇంట్లోవే సరిపోతాయి. నేను చేసిన పద్ధతి చెబుతాను.

ఆధారం: బరువైన వస్తువులు అంటిస్తాం కనుక కాన్వాసు కంటే ప్లైవుడ్డు ముక్క మేలు. రెండడుగుల ముక్కతో మొదలుపెట్టండి. చాక్‌పీసు పొడినీ తెల్ల జిగురునూ కొంచెం నీళ్లతో దోసెపిండిలా కలిపి రెండు పూతలు పూయండి. ఒకటి ఆరాకే రెండోది. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, చంటిపిల్లల్ని దూరంగా ఉంచండి.

అలలు: పల్చటి కాగితాన్ని బాగా నలిపి, విప్పి, జిగురులో ముంచి ముడతలు ముడతలుగా అంటించండి. గోనెగుడ్డ పోగులు లాగితే నురగలా వస్తుంది. ఇసుక వాడితే ఏటి ఇసుక వాడండి. సముద్రపు ఇసుక దొరికితే మంచినీళ్లతో నాలుగైదుసార్లు కడిగి ఎండబెట్టాలి. ఉప్పు మిగిలితే చెమ్మ పట్టి రంగు ఊడుతుంది.

రంగు: ముదురు రంగు ముందు, లేతది తర్వాత. అక్రిలిక్ రంగులు నీళ్లలో కలుస్తాయి, త్వరగా ఆరతాయి. అక్రిలిక్ మీద నూనె రంగు వేయొచ్చు గానీ, నూనె రంగు మీద అక్రిలిక్ వేస్తే కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది.

చుక్కలు: పాత టూత్‌బ్రష్షును తెల్లరంగులో ముంచి బొటనవేలితో మీటితే చిన్న చుక్కలు పడతాయి. కాగితం మీద నీటిరంగులతో వేస్తున్నట్టయితే రంగు తడిగా ఉండగానే రాళ్ల ఉప్పు నాలుగు పలుకులు చల్లండి. ఉప్పు నీటిని పీల్చుకుని చుట్టూ తెల్లటి పువ్వులా విచ్చుకుంటుంది. ఆరాక దులిపేయండి.

గవ్వలు, అద్దాలు: వీటిని నేరుగా చెక్కకు అంటిస్తే నాలుగు రోజులకు రాలిపోతాయి. ముందు విడి గుడ్డ మీద కుట్టి, ఆ గుడ్డను బొమ్మకు అంటించండి. కుట్టడం రాకపోతే వచ్చినవాళ్లనే అడగండి. కూలి ముందే మాట్లాడుకోండి. పాత పేటియాలను మాత్రం కోయకండి. మడతల్లో వేపాకు పెట్టి దాచండి.

వేలాడదీయడం: నేరుగా ఎండ పడే గోడకూ, చెమ్మ ఊరే గోడకూ వద్దు. దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవకుండా మెత్తటి బ్రష్షుతో దులపండి.

అన్నిటికంటే ముఖ్యం, బొమ్మలో ఏముందో ముందే తేల్చుకోకండి. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి ఎలా నడుస్తుందో అలా నడవనివ్వండి. సముద్రం చూడలేదని సంకోచించకండి. సెల్మిన్స్ ఫొటో చూసి గీశారు, ఆల్మా థామస్ అంతరిక్షానికి వెళ్లి రాలేదు.

మా 'పాలవెల్లి' ఆ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. కానీ చూసినవాళ్లలో ఒకావిడ చిన్న సైజులో ఇంకోటి చేసివ్వమని అడ్వాన్సు ఇచ్చారు. ఆ డబ్బు చెరిసగం చేసుకున్నాం. ఈసారి యాడి పక్కన మనవరాలు కూడా సూది పట్టింది. మొదటి అద్దం వంకరగా కుట్టింది. యాడి విప్పించి మళ్లీ కుట్టించింది. నోటుబుక్కులో కూలి లెక్క మాత్రం ఇద్దరికీ వేరువేరుగా రాయించింది.

మీరూ ఏదైనా చేస్తే, అది బొమ్మ కానివ్వండి, బొంత కానివ్వండి, తోరణం కానివ్వండి, ఆరాక ఒకసారి తిరగేయండి. వెనక చెరగని సిరాతో మీ పేరు, ఊరు, సంవత్సరం రాయండి. ఎవరి చెయ్యి పడిందో వాళ్లందరి పేర్లూ రాయండి. అమ్మ కుట్టినవి, అత్తయ్య అల్లినవి పెట్టెలో ఉంటే, వాళ్లను అడిగి చిన్న గుడ్డ పట్టీ మీద పేరు కుట్టి అంచుకు తగిలించండి. పది నిమిషాల పని. ఈ ఆదివారమే చేయండి, అడిగితే చెప్పడానికి వాళ్లు ఉండగానే.